పులుసులో పడ్డ రొట్టె

చిట్టా 1

ఇమ్మానుయేలు గారికి,

ఈ తేలే ఊళ్లలోని రాతకేంద్రాల్లో పనిచేసేవాళ్లంతా మా కాగితాల మీద మీ విచారణ ముగిసేదాకా రోజూ చేత్తో ఒక చిట్టా రాయాలని మీరు ఆర్డరు వేశారు. ఏం రాయాలని మావాళ్లు అడిగితే, "ఏదైనా సరే, మీ మాటల్లో రాయండి" అన్నారట. ఎవరి మాటల్లో కావాలన్నా రాసిస్తాను గానీ, నా మాటలంటే ఎక్కడ వెతుక్కోవాలో తెలియడం లేదు. కానివ్వండి, పొద్దున్న లేచిన దగ్గర నుంచి మొదలుపెడతాను.

నా పేరు మంగతాయారు. మూడో తేలుడు మొత్తానికి ఒక్కటే ఉన్న తేటతెల్లం తోడురాత కేంద్రంలో రాతపని చేస్తాను. లేవగానే నీళ్ల క్యూలో నిలబడి బిందె తెచ్చుకుంటాను. ఆ తర్వాత కేంద్రం తలుపు మీద పేరుకున్న ఉప్పు గీకి, రాత్రి చెమ్మకి మెత్తబడిన కాగితాలు పొయ్యి గట్టు మీద పరిచి ఆరబెడతాను. అవి ఆరేలోపు జనం వచ్చేస్తారు. గది మార్పు, పని మార్పు, చదువు, పెళ్లికి హాలు, ఏది కావాలన్నా ఒడ్డున ఉన్న గట్టు ఆఫీసుకి సొంతమాట రాసుకోవాలి కదా. "నేను ఎవరిని, నాకిది ఎందుకు కావాలి" అని ఎవరికి వారు తమ చేత్తో రాసే వ్యాసం. ఇదంతా మీకు తెలియనిది కాదు, కానీ రోజుకో పేజీ నింపాలన్నారు, అందుకని రాస్తున్నాను.

యంత్రం రాసిన వ్యాసాన్ని, కాగితాలు వడపోసే మీ జల్లెడ యంత్రం కన్ను మూసి తెరిచేలోగా పట్టేస్తుంది. మనిషి రాసినదాన్ని పట్టుకోలేదు. అందుకే నాబోటి వాళ్లకి మళ్లీ నాలుగు మెతుకులు దొరుకుతున్నాయి. లంకలన్నీ మునిగిపోయి కట్టుబట్టలతో ఈ తేలుడు ఎక్కిన ఏడాదే నాకీ ఉద్యోగం, దాంతోపాటు కేంద్రం వెనకాల గది దొరికాయి. రొట్టె విరిగి పులుసులో పడ్డట్టయింది. అప్పుడు సంతోషమే. ఇప్పుడు పొద్దున్నే కలం చూస్తే చెయ్యి బరువెక్కుతోంది.

పేజీ అయిపోయింది. ఉంటాను.

చిట్టా 2

ఈ రోజు వలలు బాగుచేసే అప్పన్న వచ్చాడు. అతని గది జనరేటరు పక్కన ఉంది. భార్యకి ఆ చప్పుడుకి నిద్ర పట్టడం లేదట. గది మార్పుకి సొంతమాట కావాలి.

"అమ్మగోరూ, ముద్రేత్తే సగమేనంట గదండీ. సగం మార్కులకి గదేటి ఇత్తారండీ?" అన్నాడు.

అతను చెప్పింది నిజమే. కేంద్రం సాయం చేస్తే కాగితం మీద తోడుముద్ర వేయాలి. ముద్ర పడిన వ్యాసానికి సగం విలువే. అంతా పారదర్శకంగా ఉండాలని మీ గట్టువాళ్లు పెట్టిన నియమం.

మా యజమాని సూరపరాజు గారు వీధిలోకి వినపడేట్టు, "చూడు అప్పన్నా, బోర్డు చూసేవు కదా. మాది తేటతెల్లం. దాపరికాలుండవు" అని, అప్పన్న భుజం మీద చెయ్యేసి లోపలి గదిలోకి తీసుకెళ్లారు. అక్కడ ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు. ఆ గదికి తలుపు లేదు, అయినా వినలేదు. అప్పన్న నవ్వుకుంటూ బయటికొచ్చి నా ముందు కూర్చున్నాడు. వాళ్లావిడ నిద్ర కోసం పగలు పడవలో పడుకుంటుందని చెప్పాడు. నేను రాశాను. ముద్ర సంగతి రాజుగారిని అడగండి.

మా గోడ మీద మీ నియమాల పటం ఉంది. దాని మీద దుమ్ము తుడవడం కూడా నా పనే. చివరి నియమం నాకు నోటికి వచ్చు: ముద్ర లేకుండా ఒకరికి రాసిచ్చినవాళ్లు తామే వచ్చి చెప్పుకుంటే, ముద్ర ఆలస్యంగా పడుతుంది, దెబ్బ రాసిచ్చినవాళ్లకే తగులుతుంది. వేరేవాళ్ల నోటి నుంచి బయటపడితే ఇద్దరికీ తగులుతుంది, రాయించుకున్నవాళ్లకి దక్కింది పోతుంది. ఆ నియమాన్ని ఇంతవరకూ ఒక్కరూ వాడుకోలేదు. ఎవరు వాడతారండీ, తన కాలు తనే నరుక్కునేవాళ్లు తప్ప.

చిట్టా 3

కాగితాలు ఇంకా ఆరలేదు, నూకరత్నం వచ్చి గుమ్మంలో నిలబడింది. పంపులు కడిగే మరిడమ్మ కూతురు. పంతొమ్మిదేళ్ల పిల్ల. చిన్నప్పటి నుంచి లంగరు గొలుసుల మీద సుద్దముక్కతో గీతలు గీసుకుంటూ, నీళ్లు ఎంత పెరిగాయో ఎంత తగ్గాయో చూసుకుంటూ తిరిగేది. ఇప్పుడు పోటు కేంద్రంలో శిక్షణకి సొంతమాట పంపుకుంది. సముద్రం ఎప్పుడు లేస్తుందో ముందుగా చెప్పే చోటు అది. మన తేలుడు మొత్తానికి రెండే సీట్లు.

"తాయారత్తా, నా సొంతమాట మీరు రాశారా?" అంది.

"లేదే. నువ్వసలు ఇటువైపు రాలేదు కదా."

"ఆ ముక్క జల్లెడోళ్లకి చెప్పండి. రాసింది వేరేవాళ్లని నా కాగితం ఆపేశారు."

మీ ఆఫీసు తిప్పి పంపిన కాగితం నా చేతిలో పెట్టింది. చదివాను. "మా అమ్మ పంపు కడిగేటప్పుడు నేను గొలుసు దగ్గర కూర్చునేదాన్ని. నీళ్లు పెరిగేటప్పుడు గొలుసు ఒకలా మోగేది, తగ్గేటప్పుడు ఇంకోలా మోగేది. ముందు నేను చెవితో నేర్చుకున్నాను, లెక్క తర్వాత వచ్చింది" అని రాసింది. రెండు చోట్ల కొట్టేసి మళ్లీ రాసింది. ఒక వాక్యం మధ్యలోనే వదిలేసింది. ఇమ్మానుయేలు గారూ, నాకు అసూయ పుట్టింది. ఇన్నేళ్లుగా ఇంతమందికి రాశాను, ఆ గొలుసు చప్పుడు లాంటి మాట ఒక్కటీ నా కలం నుంచి రాలేదు.

జల్లెడ ఎర్రగీత గీసింది ఒక్క చోటే. "ఈ సీటు దొరికితే నా పని రొట్టె విరిగి పులుసులో పడ్డట్టే" అన్న చోట.

"ఇందులో తప్పేముంది? అందరూ అనే సామెతే కదా" అన్నాను.

"నేనూ అదే అన్నానత్తా. వాళ్లు నవ్వారు."

"ఎందుకు?"

"చెప్పలేదు. ఈ ముక్క తేటతెల్లం నుంచి వచ్చిన కాగితాల్లో తప్ప ఇంకెక్కడా లేదన్నారు. అంటే నాదీ మీరే రాశారంట." ఎర్రగీత మీద వేలు పెట్టింది. "మూడు రోజుల్లో విచారణ. మీరు వచ్చి, నేను రాయలేదు అంటే చాలు. అబద్ధం చెప్పమనట్లేదు కదా."

రాజుగారిని అడిగి చెబుతానన్నాను. ఆ మాట అన్నందుకు నామీద నాకే విసుగు పుట్టింది. చెయ్యని పని చెయ్యలేదని చెప్పడానికి కూడా నాకు యజమాని అనుమతి కావాల్సి వచ్చింది.

చిట్టా 4

రాజుగారికి చెప్పాను. ఆ పిల్ల కాగితంలో గీత పడిన వాక్యం కూడా చదివి వినిపించాను. ఆయన తాగుతున్న టీ పక్కన పెట్టి నాకేసి చూశారు.

"పులుసేంటి తాయారమ్మా?"

"ఏంటండీ?"

"రొట్టె విరిగి నేతిలో పడ్డట్టు. నెయ్యి. పులుసులో పడితే అదృష్టం ఏముంది, రొట్టె నానిపోద్ది."

ఇంత వయసొచ్చింది, పుస్తకాలు చదివాను, రాతపనితోనే బతికాను. ఆ సామెత నాకు మా అమ్మమ్మ నోటి నుంచి వచ్చింది. ఆవిడ ఎప్పుడూ పులుసనే అనేది. మా ఇంట్లో నెయ్యి అన్నది ఉంటే కదా. చేపల పులుసు ఉన్న రోజే పండగ. జొన్నరొట్టె చెయ్యి జారి పులుసు దాకలో పడితే, మా అమ్మ కసిరేలోపు తినేసేవాళ్లం. అంతకు మించిన అదృష్టం ఉంటుందని నాకు ఎప్పుడూ తోచలేదు. పుస్తకాల్లో నెయ్యి అని ఎక్కడో చదివే ఉంటాను, కానీ కళ్లు చదివినా మనసు పులుసనే చదువుకుని ఉంటుంది.

నవ్వొచ్చింది. ఆ తర్వాత భయం వేసింది.

ఎందుకో చెబుతాను. ఇక దాచి లాభం లేదు. మేం వ్యాసాల్లో తప్పులు దిద్దుతామని చెబుతాం కదా, దిద్దం, వేస్తాం. తప్పు లేని వ్యాసాన్ని మీవాళ్లు నమ్మరు. అందుకని మనిషిని బట్టి తప్పు వేస్తాను. మరిడమ్మకి "పరిక్ష" అని పొట్టి చేశాను. పంపుల గుమాస్తాకి "విధ్యుత్తు" అని ఒత్తు పెట్టాను. మొన్న అప్పన్నకి "ఆరోగ్గెం" వేశాను. ఒకరి తప్పు ఇంకొకరికి వెయ్యలేదు. ఆ పనిలో నాకు పేరుంది, గర్వం కూడా ఉంది. అంత జాగ్రత్తగా తప్పులన్నీ వేరువేరుగా పంచిపెట్టాను గానీ, తప్పని తెలియక చేసిన తప్పు మాత్రం అందరికీ ఒకటే ఇచ్చాను.

ఇంకో సంగతి కూడా అప్పుడే వెలిగింది. మీరు ఈ చిట్టాలు రాయమన్నది పారదర్శకత కోసం కాదు. గాలం వేశారు. మొదటి రోజే, అడక్కుండానే, నా గురించే రాసుకుంటూ ఆ సామెత రాసేశాను. మీరు ఆ పేజీ చదివి, పక్కన పెట్టుకుని, మిగతావి చదవడం మానేసి ఉంటారు. బాగా వేశారు. నాకు కోపం లేదు, అలిసిపోయాను.

రాజుగారు మాత్రం అప్పటికే ఉపాయం ఆలోచించేశారు.

"ఆ పిల్లది మనమే రాశామని ఒప్పేసుకుందాం. పొరపాటున ముద్ర పడలేదందాం. కేంద్రానికో హెచ్చరిక ఇచ్చి ఊరుకుంటారు. ఒకటి ఒప్పుకుంటే మిగతావి తవ్వరు. జల్లెడ చెప్పింది నిజమేనని వాళ్లకీ తృప్తి."

"మనం రాయలేదు కదండీ."

"రాసినవన్నీ రాయలేదంటున్నాం కదా. రాయనిది ఒకటి రాశామంటే సరిపోద్ది."

"ఆ పిల్ల సీటు పోతుందండీ. సగం విలువకి ఎవరిస్తారు?"

"సీటు మళ్లీ ఏడాది వస్తది. కేంద్రం మూతపడితే నీ గది వస్తదా? నేనేం కసాయోణ్ణి కాదు తాయారమ్మా. ఎటు చూసినా ఎవరో ఒకరికి తగులుద్ది, ఒక్కరికే తగిలేట్టు చూస్తున్నాను."

ఆయన చెడ్డవాడు కాదు, ఇది కూడా రాసుకోండి. నేను ఈ తేలుడు ఎక్కిన రోజున చేతిలో సంచి తప్ప ఏమీ లేదు. గది ఇచ్చి, ముందు భోంచెయ్యమన్నది ఆయనే. అందుకే వెంటనే కాదనలేకపోయాను. ఆలోచిస్తానన్నాను.

చిట్టా 5

ఒక ప్రశ్న నన్ను తినేస్తోంది. నూకరత్నంది నేను రాయలేదు. మరి ఆ పిల్లకి మా అమ్మమ్మ పులుసు ఎక్కడ దొరికింది?

పంపుల షెడ్డుకి వెళ్లాను. మరిడమ్మ మోకాలి లోతు నీళ్లలో నిలబడి నాచు గీకుతోంది. నన్ను చూసి చేతులు తుడుచుకుని పైకి వచ్చింది.

"మరిడమ్మా, రొట్టె విరిగి ఎందులో పడుతుంది?"

"పులుసులో అండి. ఏటండీ, పొడుపుకథా?"

"నీకెవరు చెప్పారు?"

"మీరే గదండీ. ఆ గది కోసం రాసిచ్చినారు గదా, నోటిపరీచ్చలో అడుగుతారని మొత్తం కంఠతా పట్టమన్నారు. ఇప్పటికీ వత్తదండి." నడుం మీద చెయ్యి పెట్టుకుని అప్పజెప్పడం మొదలుపెట్టింది. నేను రాసిన ఒక్కో వాక్యం, వేసిన తప్పుతో సహా. "పరిక్ష" అన్న చోట నిజంగానే పొట్టిగా పలికింది. "శానా బాగా రాసినారండి. వొండుకునేటప్పుడు కూడా అనుకునేదాన్ని. మా పిల్ల ఆ మాటలు ఇంటానే పెరిగింది."

నోటిపరీక్ష కూడా మీరు పెట్టిందే కదా. రాసింది తనదో కాదో తెలుసుకోవడానికి ఎదురుగా కూర్చోబెట్టి అడుగుతారు. దానికి భయపడి వచ్చినవాళ్లందరి చేతా మేం బట్టీ పట్టించేవాళ్లం. వాళ్లు పట్టారు, ఇంటికెళ్లి పిల్లల ముందు అప్పజెప్పుకున్నారు.

తిరిగి వచ్చేటప్పుడు చెవులు పెట్టుకుని నడిచాను. చేపలమ్మే ఆవిడ, రెండు తట్టలు ఒకరే కొనేసరికి, పులుసులో పడ్డట్టయిందంది. బల్లవంతెన మీద ఇద్దరు పడవవాళ్లు గాలి అనుకూలించిందని అదే మాట అనుకున్నారు. ఈ దారిలో ఇన్నేళ్లు తిరిగాను, ఎప్పుడూ వినలేదు. నాకు అది సరైన సామెతే కాబట్టి చెవికి తగల్లేదు. నెయ్యి అనేవాళ్లు ఒకప్పుడు ఉండే ఉంటారు. కానీ ఇక్కడ ఆవు లేదు, గేదె లేదు. నూకరత్నం వయసు పిల్లలు నెయ్యి కళ్లతో చూడలేదు. చూడని దానికంటే ఇంట్లో ఉన్న పులుసే వాళ్లకి అదృష్టంలా తోచి ఉంటుంది.

మరి ఊరంతా అనే మాట మీ జల్లెడకి మా కాగితాల్లోనే ఎందుకు దొరికింది? దీని జవాబు తట్టగానే వంతెన మీదే కూర్చుండిపోయాను. జల్లెడ నోటి మాట వినదు, కాగితమే చదువుతుంది. మూడో తేలుడులో సొంతమాట సొంతంగా రాసుకునేవాళ్లే లేరు. అందరికీ మేమే రాశాం. ఇన్నేళ్లకి తన చేత్తో తను రాసుకున్న మొదటి మనిషి ఈ పిల్ల. దొంగ అని పట్టుకున్నది ఆ పిల్లని.

చిట్టా 6

విచారణ అయింది. అక్కడ మీరూ ఉన్నారు, కానీ నా వైపు నుంచి ఎలా కనిపించిందో రాస్తాను.

ఈ పిల్ల వ్యాసం మేం రాయలేదని నేను ముందే లేచి చెప్పాను. రాజుగారు తల దించుకున్నారు. మీరు నా మొదటి చిట్టా తీసి బల్ల మీద పెట్టారు. మరి ఈ వాక్యం ఎవరిది అన్నారు. నాదేనన్నాను. నా ఒక్కదానిదే కాదు, బయటికి రండి, ఒకసారి నీళ్ల క్యూలో నిలబడండి అన్నాను. మీరు వస్తారని అనుకోలేదు. వచ్చారు. చొక్కా నలగని మనిషి, బిందెల మధ్య నిలబడ్డారు. ఈ రోజు రెండో బిందె కూడా ఇస్తున్నారని తెలిసి వెనకాల ఎవరో, "రొట్టిరిగి పులుసులో పడ్డట్టే గదే" అన్నప్పుడు మీరు వెనక్కి తిరిగి చూశారు. ఇంకాసేపటికి ఇంకొకరు అన్నారు. మీ మొహంలో నవ్వు దాచుకున్నారు, నేను చూశాను.

మిగతా చిట్టాలు మీరు చదవలేదన్న ధీమాతో, అంతటితో సరిపోతుందనుకున్నాను. ఊరంతా అనే మాట కాబట్టి అది ఎవరి మీదా రుజువు కాదు. పిల్ల బయటపడుతుంది, నేనూ బయటపడతాను, రాజుగారి బోర్డు అలాగే ఉంటుంది. నేను చెప్పిందాంట్లో ఒక్క అబద్ధం లేదు. నిజాలు చెబుతూనే అబద్ధాన్ని ఎలా కాపాడుకోవచ్చో ఈ వృత్తిలో ఉన్నవాళ్లకి కొత్తగా నేర్పక్కర్లేదు.

కానీ లోపలికి రాగానే మీరు నూకరత్నాన్ని అడిగారు. "ఊరంతా అంటున్నారు, ఒప్పుకుంటాను. కానీ గట్టు మీద ఈ మాట ఎక్కడా లేదు. మీ ఊళ్లోకి ఎలా వచ్చింది? నువ్వు ఎక్కడ నేర్చుకున్నావు?"

ఆ పిల్ల వాళ్లమ్మకేసి చూసింది. మరిడమ్మ గోడకి ఆనుకుని నిలబడి ఉంది. ఏం జరగబోతోందో ఆవిడకి తెలియదు. నూకరత్నానికి తెలుసు. నిజం చెబితే వాళ్లమ్మ గది పోతుంది, పంపుల షెడ్డులో పడుకోవాలి. చెప్పకపోతే మొదటిసారి అబద్ధం ఆడాలి, అదీ తను నిజంగా రాసుకున్న కాగితం కోసం. ఆ పిల్ల నోరు తెరిచింది. అబద్ధం ఆడదని నాకు తెలిసిపోయింది. కొట్టేసి మళ్లీ రాసినచోట కూడా కొట్టివేత కనపడేట్టే వదిలేసిన పిల్ల అది.

"వాళ్లమ్మ దగ్గర నేర్చుకుందండీ. వాళ్లమ్మకి నేను రాసిచ్చాను, ముద్ర లేకుండా" అన్నాను. ఆ పిల్ల కంటే ముందు నా మాట పడాలి, అంతే చూసుకున్నాను. "చివరి నియమం కింద చెబుతున్నాను. నేనే వచ్చి చెబుతున్నాను. ఇంకెవరూ చెప్పలేదు, రాసుకోండి."

"ఒక్కటేనా?" అన్నారు మీరు.

ఒక్కటే అంటే ఊరుకునేవారేమో. కానీ రేపు ఇంకెవరి పిల్లో సొంతంగా రాసుకుంటుంది. అప్పుడు మళ్లీ ఎర్రగీత పడుతుంది. అందుకని కూర్చుని చెప్పడం మొదలుపెట్టాను. పేర్లు గుర్తుండవేమో అనుకున్నాను గానీ, వేసిన తప్పులు గుర్తున్నాయి, వాటి వెనకే మనుషులు వచ్చారు. పొట్టి "పరిక్ష" మరిడమ్మ. ఒత్తు "విధ్యుత్తు" గుమాస్తా. "ఆరోగ్గెం" అప్పన్న. ఒక్కో తప్పు పట్టుకుని ఒక్కో మనిషిని పిలిచాను. మీరు రాసుకుంటూ పోయారు, మధ్యలో ఒకసారి నాకు నీళ్లు తెప్పించారు. అందరికీ ముద్ర ఆలస్యంగా పడుతుంది. గదులు పోవు, పరువు కొంచెం పోతుంది. వాళ్లు నన్ను తిట్టుకుంటారు, తిట్టుకోనివ్వండి.

అంతా అయ్యాక రాజుగారు నా దగ్గరికి వచ్చారు. "కొంప ముంచేశావు తాయారమ్మా" అన్నారు. తేలుడు మీద ఆ మాట ఎవరూ నోటితో అనరు. అశుభమని పిల్లల్ని కూడా అననివ్వరు. ఆయన అన్నారంటే ఎంత దెబ్బ తగిలిందో అర్థమైంది. నాకు ఏడుపొచ్చింది.

చిట్టా 7

ఇదే చివరిది. రేపటి నుంచి నా చేత్తో రాసిన కాగితం ఏ ఆఫీసులోనూ చెల్లదని మీ ఆర్డరు వచ్చింది. కేంద్రానికి ఏడాది తాళం. గది ఖాళీ చెయ్యాలి. పొద్దున్న తలుపు మీద ఉప్పు గీకబోయి, ఇక గీకక్కర్లేదని గుర్తొచ్చి చెయ్యి ఆపాను. రాజుగారు బోర్డు తనే దింపుకున్నారు. నేను సాయం పడితే వద్దనలేదు.

నా సంచి మరిడమ్మ వచ్చి పట్టుకెళ్లింది. "మీరు రాసిన గదే గదండీ, ఓ మూల సాప ఏత్తాను" అంది. నూకరత్నం కాగితం జల్లెడ దాటింది. సీటు వస్తుందో రాదో తెలియదు. వచ్చినా రాకపోయినా అది ఆ పిల్లది. నిన్న గుమ్మంలో నిలబడి, "తాయారత్తా, మీరు ఆగి ఉంటే నేనే చెప్పేదాన్ని" అంది. తెలుసన్నాను. అందుకే ఆగలేదన్నాను.

మీరు పొద్దున్న పడవ ఎక్కేముందు నన్ను పిలిచారు. జల్లెడ చూసుకునే సామెతల పట్టీలో ఈ మాట చేర్చకపోతే, దీన్ని వాడిన ప్రతి పిల్ల మీదా జల్లెడ గీత గీస్తూనే ఉంటుందన్నారు. "రొట్టె విరిగి పులుసులో పడ్డట్టు" అని నా ముందే ఎక్కించారు. పక్క గడిలో రాసిన వారు ఎవరో వేయాలి. "మీ పేరు వేయమంటారా?" అని అడిగారు.

వద్దన్నాను. "మా అమ్మమ్మ మాటండి. సరెళ్ల అచ్చియ్యమ్మ."

"ఆవిడ ఎక్కడైనా రాశారా?"

"ఆవిడకి రాయడం రాదండి. వేలిముద్ర వేసే మనిషి."

అయినా మీరు "రాసిన వారు" అన్న గడిలో అచ్చియ్యమ్మ అని పేరు వేశారు. ఎంతమందికో ఎన్నో రాశాను ఇమ్మానుయేలు గారూ. నా చేతి మీదుగా వెళ్లిన మాటల్లో, మాట ఎవరిదో వాళ్ల పేరే పడింది ఆ ఒక్కదానికే.